వెల లేని పుస్తకములు: పంచాయతీల కర్తవ్యము

(ఆలంపూరులో గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమునందు పౌరసంబంధాధికారి చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ అనగానే మనకు వీధిదీపములు, మురుగుకాలువలు, త్రాగునీరు జ్ఞప్తికి వచ్చును. ఇవి అవసరములే. కాని ఇంటరు ముగించిన పిల్ల పుస్తకములు కొనజాలక చదువు మానినచో, ఆ నష్టము ఏ పంచాయతీ లెక్కలలోను కనబడదు. పూడిన కాలువను మరుసటి యేడు తిరిగి త్రవ్వుకొనవచ్చును. మానిన చదువును తిరిగి మొదలిడగలవారు కొలదిమంది. ఈ నష్టమును కొంతవరకైనను ఆపగల సాధనమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచినాను. దానినే స్వేచ్ఛా విద్యావనరులు అనుచున్నారు.

పాఠ్యగ్రంథములు, ఉపన్యాసములు, అభ్యాసములు, ప్రశ్నపత్రములు మొదలగువాటిని ఎవరైనను మూల్యము చెల్లింపక చదువుకొనుటకు, ప్రతులు తీసికొనుటకు, తమ అవసరమునకు తగినట్లు మార్చుకొనుటకు, ఇతరులకు పంచుటకు కర్తలు ముందే అనుమతించినచో అవి స్వేచ్ఛా విద్యావనరులు. 2001లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ తన పాఠములను లోకమునకు ఉచితముగా అందింతునని ప్రకటించినది. 2002లో యునెస్కో సమావేశమున ఈ పేరు స్థిరపడినది. 2019లో యునెస్కో సర్వసభ్య సమావేశము వీటిని పెంపొందింపుడని సభ్యదేశములకు సిఫారసు చేసినది. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని చిన్న కళాశాలలు కలవు. పనిపాటలు చేసికొనుచు చదువువారే వాటిలో అధికము. పాఠ్యగ్రంథముల ధర వారికి భారమగుట చూచి, రైస్ విశ్వవిద్యాలయము వారు 2012 నుండి ‘ఓపెన్‌స్టాక్స్’ పేర వెల లేని గ్రంథములను వెలువరించుచున్నారు.

ఇది పరదేశముల మాట అని తలంపకుడు. దూరమున నున్నవారికి చదువును చేర్చు ప్రయత్నమున మన తెలుగునాడు ముందే అడుగిడినది. దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదులోనే వెలసినది. నేడది డాక్టరు బి. ఆర్. అంబేద్కరు పేర నడచుచున్నది. దాని తొలి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామిరెడ్డిగారు పంచాయతీరాజ్ వ్యవస్థను పరిశోధించిన రాజనీతిజ్ఞులు. పల్లెను ఎరిగినవారే చదువును పల్లెకు చేర్చు మార్గమును వేసినారనుట గమనింపదగినది.

ఇక ఈ నేల సంగతి. ఆలంపూరు ప్రాంతమునకు చెందిన ఇటిక్యాలపాడు సురవరము ప్రతాపరెడ్డిగారి స్వగ్రామము. తెలంగాణమున తెలుగు కవులే లేరన్న మాటకు సమాధానముగా ఆయన 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించినారు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆయన 1953లో దివంగతులైరి. మన కాపీరైటు చట్టము ప్రకారము, రచయిత గతించిన మరుసటి సంవత్సరాది నుండి 60 ఏండ్లు గడచిన పిదప ఆయన జీవితకాలమున వెలువడిన గ్రంథములు ప్రజల సొత్తగును. అనగా 2014 జనవరి 1 నుండి ప్రతాపరెడ్డిగారి గ్రంథమును మీ పంచాయతీయే అచ్చు వేసి పిల్లలకు పంచినను అడ్డు చెప్పువారు లేరు. మన ఇంటిలోని ధనమును మనమే ఎరుగకుండుట తగునా?

నేడు లభ్యమగు సాధనములు చాల కలవు. 2017లో ప్రారంభమైన ‘స్వయం’ వేదికపై కళాశాల పాఠములను ఉచితముగా నేర్వవచ్చును. ధ్రువపత్రము కోరి పరీక్ష వ్రాయువారు మాత్రమే రుసుము చెల్లింపవలెను. 2021 నిబంధనల ప్రకారము, కళాశాల సమ్మతించినచో, పట్టమునకు కావలసిన క్రెడిట్లలో 40 శాతము వరకు ఇట్లు సంపాదింపవచ్చును. బడిపిల్లలకు ‘దీక్ష’ కలదు. తెలుగున పాఠములు వినగోరువారికి టి-శాట్ ప్రసారములు కలవు.

అయితే రెండు విషయములు మరువరాదు. ఒకటి: ఫోనులో కనబడునదంతయు స్వేచ్ఛా విద్యావనరు కాదు. చదువుటకు ఉచితమైనను, ప్రతులు తీసి పంచుటకు అనుమతి లేనివి పెక్కు. పుస్తకపు మొదటి పుటలలో ‘క్రియేటివ్ కామన్స్’ వంటి అనుమతి కలదేమో చూచి, దాని షరతులు చదివిన పిదపనే పంచవలెను. రెండు: ఉన్నత విద్యాగ్రంథములలో అధికభాగము ఆంగ్లమున నున్నది. తెలుగున చదివిన మన పిల్లకు వెల లేని ఆంగ్లగ్రంథము తాళము వేసిన పెట్టె వంటిదే. మార్చుకొను హక్కు ఇచ్చట అక్కరకు వచ్చును. అనుమతి గల పాఠమును ఒక ఉపాధ్యాయుడు తెలుగు చేసినచో, అది ఈ యూరికే గాక తెలుగువారందరికిని ఉపకరించును.

మరి పంచాయతీ చేయదగినదేమి? ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయపు పన్ను మీరే వసూలు చేయుచున్నారు. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసినది. దానిని బకాయి పెట్టకుండ జమకట్టుట మొదటి పని. అట్లు జమకట్టినవారికే గ్రంథాలయమును అడుగు నోరుండును. రెండవది, పంచాయతీ కార్యాలయముననో, గ్రంథాలయముననో ఒక గదిని సాయంకాలము విద్యార్థులకు విడిచి, ఒక కంప్యూటరును, అచ్చుయంత్రమును ఏర్పరచుడు. ఊరిలో ఎవరెవరు ఏ కోర్సు చదువుచున్నారో జాబితా వ్రాయించి, వారికి కావలసిన గ్రంథములను ఒక్కసారి దింపి భద్రపరచినచో, ఫోను లేనివారును, డేటా కొనలేనివారును చదువుకొనగలరు. ఆడపిల్లలు వెలుగుండగనే వచ్చి పోవుటకు వేళ కేటాయింపుడు. ఊరిలోని పట్టభద్రులలో ఒకరికి ఈ బాధ్యత నప్పగింపుడు.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఆలంపూరును ముంచినది మీరు కన్నులార చూచినారు. వరదకు చిక్కిన పుస్తకము ఒక్కటే ప్రతి యైనచో దానితోడనే పోవును. పదిచోట్ల ప్రతులున్నచో పోదు. పంచుకొన్న చదువునకు ఉన్న బలము అదియే.

కావున రానున్న గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడు. గ్రంథాలయపు పన్ను ఎంత వసూలైనది, ఎంత జమయైనది, పుస్తకముల కొరకు చదువు మానినవారు ఎందరు అను మూడు లెక్కలను సభ ముందుంచుడు. ఆ లెక్కలు విన్న పిదప తీర్మానము చేయుటకు మీకు మరియొకరి ప్రసంగము అవసరముండదు.