ట్యూబు మీద పేరు

బైపీసీ చదివిన పిల్లలున్న ఇళ్లకు ఈ నాలుగు మాటలు.

డాక్టరు సీటు రాలేదని దిగులు పడొద్దు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటికి అనుబంధంగా ఉండే పెద్దాసుపత్రి డాక్టర్లతోనే నడవదు. రక్తం పరీక్షించేవారు కావాలి. ఎక్స్‌రే తీసేవారు కావాలి. డయాలసిస్ మిషన్ చూసేవారు కావాలి. ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయిన నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పెద్దలకు ఫిజియోథెరపిస్టు కావాలి.

ఇలాంటివారి చదువుకూ నడవడికకూ ప్రమాణాలుండాలని 2021లో పార్లమెంటు చట్టం చేసింది. అయితే నడవడిక తెలిసేది పని దగ్గరే. రక్తం తీసేచోట చూడండి. మంచి టెక్నీషియన్ ముందు "మీ పేరేందమ్మా?" అని అడుగుతాడు. ఆమె నోటితోనే చెప్పించుకుని, ఆమె ఎదుటే ట్యూబు మీద రాస్తాడు. పేరు తారుమారైతే వైద్యమే తారుమారు. ఇక రిపోర్టు సంగతి. అది రోగి సొంతం. పక్కింటాయన అడిగినా చెప్పకూడదు.

పిల్లల్ని చేర్చేముందు కాలేజీకి గుర్తింపు ఉందా, ఆసుపత్రిలో శిక్షణ ఉందా కనుక్కోండి. చేరిన పిల్లలూ, ఈ రెండూ మరవకండి: పేరు అడిగి రాయాలి. రోగి గుట్టు కాపాడాలి.