డీజిల్ మెకానిక్‌లో చేర్చాలా? చిన్న అణు రియాక్టర్ల మీద ఒక తమ్ముడికి జవాబు

(ఈ వారం ఎపిసోడ్ మొత్తం ఇక్కడ రాతలో పెడుతున్నాం. డ్యూటీలో ఉండి వినడం కుదరనివాళ్లు చదువుకోండి.)

ఆంగ్ మో కియో నుంచి మాట్లాడుతున్నాను. ఆదివారం, బయట వాన. వెనకాల చప్పుడు వినబడితే ఏమీ అనుకోకండి.

పోయిన నెల మన శ్రోత ఒకతను వాయిస్ మెసేజ్ పెట్టాడు. శ్రీకాకుళం జిల్లా, రణస్థలం వైపు ఊరు. ఇక్కడ సింగపూర్‌లోనే రాడ్ బెండింగ్ పని. అతను అడిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. “అన్నా, మా తమ్ముడు టెన్త్ పాసయ్యాడు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ సీటు వచ్చేలా ఉంది. యూట్యూబ్‌లో చూస్తే చిన్న చిన్న అణు రియాక్టర్లు వస్తన్నాయంట, ఓడలకీ జనరేటర్లకీ ఇంక ఆయిల్ అక్కర్లేదంట. మరి వాడికి రేపు పని దొరుకుతాదా? ఇంకొకటి. మా పక్కనే కొవ్వాడ. అణు ప్లాంటు అన్నారు, భూములు తీసుకున్నారు, ప్లాంటు మాత్రం రాలేదు. ఇదీ అలాంటి కబురేనా?”

తమ్ముడూ, నేను సైంటిస్టుని కాదు. ఐటీఐ ఫిట్టర్‌గా మొదలై సూపర్‌వైజర్ అయినవాణ్ణి. కానీ నీ ప్రశ్నలో ఒక పిల్లాడి బతుకుతెరువు ఉంది, అందుకే నోటికొచ్చింది చెప్పకుండా నెల రోజులు కూర్చుని చదివాను.

ముందు మన సైటు లెక్కతో మొదలుపెడదాం. పర్మనెంట్ కరెంటు రాకముందు గేటు పక్కన మోగుతూ ఉండే 100 కేవీఏ జనరేటర్ మనందరికీ తెలుసు. ఫుల్ లోడ్ మీద అది ఇచ్చేది 80 కిలోవాట్లు. గంటకి సుమారు 20 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఇప్పుడు చిన్న రియాక్టర్ అంటే ఎంత చిన్నది? ఒక్కో యూనిట్ 300 మెగావాట్ల దాకా కరెంటు ఇచ్చేదాన్ని చిన్న రియాక్టర్ అంటారు. 300 మెగావాట్లంటే మన జనరేటర్లు 3,750 ఒకేసారి ఆడినట్టు. మైక్రో రియాక్టర్లు అని ఇంకా చిన్నవి ఉన్నాయి, అవి కూడా మెగావాట్ల లెక్కే. కాబట్టి సైటు గేటు పక్కన జనరేటర్ తీసేసి అక్కడ రియాక్టర్ పెట్టడం జరగదు. యూట్యూబ్ వీడియోలో బొమ్మ అలా వేసినా సరే.

ఇంకో మాట. రియాక్టర్ ఇంజన్ కాదు. అది బాయిలర్. యురేనియం పరమాణువు పగిలితే వేడి పుడుతుంది, ఆ వేడికి నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి టర్బైన్‌ని తిప్పుతుంది. బొగ్గు ప్లాంటులో జరిగేదీ అదే, పొయ్యి మాత్రమే వేరు. ఆ పొయ్యి బలం మాత్రం మామూలుది కాదు. యురేనియం-235 అనే రకం ఒక్క కిలో పూర్తిగా పగిలితే వచ్చే వేడి సుమారు 1,900 టన్నుల చమురు కాల్చినంత. కాకపోతే గనిలో దొరికే యురేనియంలో ఆ రకం వెయ్యి పాళ్లకి ఏడు పాళ్లే. అలాంటి గని మన కడప జిల్లా తుమ్మలపల్లిలో ఉంది. మన దేశపు రియాక్టర్లకి ఇంధన కడ్డీలు తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ హైదరాబాద్‌లో ఉంది.

అంత బలం ఉన్న పొయ్యి పట్టే చోటు ఒకటుంది. ఓడ. పెద్ద కంటైనర్ ఓడ రోజుకి వంద టన్నుల పైన నూనె కాలుస్తుంది. ఆ నూనె నింపడంలో ప్రపంచంలో మొదటి స్థానం సింగపూర్‌దే. 2024లో ఇక్కడ ఓడలకి అమ్మిన ఇంధనం 5 కోట్ల 49 లక్షల టన్నులు. చిన్న రియాక్టర్ చమురు ఇంజన్ స్థానంలోకి రావాలంటే ముందు అక్కడికే రావాలి.

అది వచ్చేసింది కూడా, మన విశాఖలోనే. 2009 జూలై 26న అక్కడ నీళ్లలోకి దింపిన ఐఎన్‌ఎస్ అరిహంత్ జలాంతర్గామిలో ఉన్నది 83 మెగావాట్ల వేడినిచ్చే చిన్న రియాక్టర్. 2013 ఆగస్టులో ఆ రియాక్టర్ రాజుకుంది. రెండోది, ఐఎన్‌ఎస్ అరిఘాత్, 2024 ఆగస్టు 29న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. డీజిల్ ఇంజన్‌కి గాలి కావాలి. అందుకే డీజిల్ జలాంతర్గామి బ్యాటరీ ఛార్జింగ్ కోసం పైకి రావాల్సిందే. అణు జలాంతర్గామికి ఆ అవసరం లేదు. నెలల తరబడి నీళ్ల కింద ఉండగలదు. పనిచేస్తుందా అన్న ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది.

మరి సరుకు ఓడల్లో ఎందుకు లేదు? ప్రయత్నించారు. అమెరికావాళ్ల సవానా 1959లో నీళ్లలోకి దిగింది. చూడ్డానికి బాగుంది, కానీ సరుకు పట్టే చోటు తక్కువ, ఖర్చు ఎక్కువ. 1970ల మొదట్లో ఆపేశారు. జర్మనీవాళ్ల ఓటో హాన్ 1968 నుంచి పదేళ్లు రియాక్టర్‌తో తిరిగింది. పెద్ద ప్రమాదం ఏమీ జరగలేదు. అయినా రేవు రేవుకీ అనుమతి బతిమాలుకోవాల్సి వచ్చింది, ఖర్చూ తగ్గలేదు. 1979లో రియాక్టర్ ఆపి, తర్వాత దానికి డీజిల్ ఇంజన్ బిగించారు! తమ్ముడూ, ఇది గుర్తుపెట్టుకో. రియాక్టర్ తీసేసి డీజిల్ పెట్టిన ఓడ ఉంది.

మూడోది జపాన్‌వాళ్ల ముత్సు. 1974లో ట్రయల్‌కి వెళ్లినప్పుడు కవచంలోంచి కొంచెం రేడియేషన్ బయటికి వచ్చింది. ఆ కబురు ఒడ్డుకి చేరగానే మత్స్యకారులు అడ్డం తిరిగారు, మా రేవుకి రావద్దన్నారు. నెలన్నర దాకా ఆ ఓడకి ఇంటికి దారి లేదు. ఆ మత్స్యకారుల్లో ఒక్కరు కూడా ఇంజనీర్ కాదు. అయినా ఓడని ఆపింది వాళ్లే. ఎందుకంటే ఆ సముద్రంలోని సరుకే వాళ్ల కూడు.

ఇక్కడ నాకు కొవ్వాడ గుర్తొచ్చింది. అక్కడికి తర్వాత వస్తాను.

ఇప్పుడు “చిన్నవి” అని అందరూ ఎందుకంటున్నారో చూద్దాం. పీపీవీసీ బ్లాకుల్లో పనిచేసినవాళ్లకి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. గది గదే ఫ్యాక్టరీలో తయారై, టైల్స్, పైపులు, కిటికీ అన్నీ బిగించుకుని, రాత్రిపూట ట్రైలర్ మీద వస్తుంది. క్రేన్‌తో లేపి ఒకదాని మీద ఒకటి పెడతాం. చిన్న రియాక్టర్ ఆలోచన అదే. సైటులో పదేళ్లు కాంక్రీట్ పోసే బదులు, ఫ్యాక్టరీలో ఒకే నమూనా మళ్లీ మళ్లీ తయారుచేసి తెచ్చి పెట్టడం.

కానీ ఫ్యాక్టరీ పద్ధతిలో కిటుకు మనకి తెలుసు. మోల్డ్ ఖరీదు. ఒకే మోల్డ్‌లో వంద గదులు పోస్తే లాభం, నాలుగు పోస్తే నష్టం. నేను చూసిన ఒక సైటులో డిజైన్ మధ్యలో మార్చారు, కొన్ని గదులకే ఒక మోల్డ్ అయిపోయింది. అక్కడ మామూలుగా ఇటుక కట్టుకుని ఉంటే చవగ్గా తేలేది. రియాక్టర్లకీ అదే చిక్కు. అమెరికాలో నుస్కేల్ అనే కంపెనీ ఐడహోలో ఆరు చిన్న యూనిట్లు పెట్టాలనుకుంది. వెయ్యి యూనిట్ల కరెంటు 58 డాలర్లు అనుకున్నది 89 డాలర్లకి చేరింది. కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, 2023 నవంబరులో ప్రాజెక్టు రద్దయింది. నడుస్తున్నదీ ఉంది. రష్యాలో పెవెక్ అనే ఊళ్లో బార్జి మీద రెండు చిన్న రియాక్టర్లు, ఒక్కోటి 35 మెగావాట్లు, 2020 నుంచి కరెంటు, వేడినీళ్లు ఇస్తున్నాయి. చైనా హైనాన్ దీవిలో 125 మెగావాట్ల దాన్ని 2021లో మొదలుపెట్టింది. మన దేశం 2025 బడ్జెట్‌లో 20,000 కోట్ల రూపాయలు ప్రకటించి, 2033కల్లా కనీసం ఐదు చిన్న రియాక్టర్లు నడపాలని లక్ష్యం పెట్టుకుంది. విశాఖలోని బార్క్‌లో హైడ్రోజన్ తయారీ కోసం 5 మెగావాట్ల వేడినిచ్చే చిన్నది పెట్టే ఆలోచన కూడా అందులో ఉంది.

మనం ఉన్న సింగపూర్ సంగతి. ఇక్కడ కరెంటులో దాదాపు 95 శాతం గ్యాస్‌తో వచ్చేదే. 2012లో అప్పటి రియాక్టర్లు ఈ దేశానికి సరిపడవని తేల్చేశారు. కారణం తెలియాలంటే ఒక పని చేయండి. ఫుకుషిమాలో 2011లో 20 కిలోమీటర్ల లోపు జనాన్ని ఖాళీ చేయించారు. మ్యాప్‌లో ఆంగ్ మో కియో మీద కంపాస్ ముల్లు పెట్టి 20 కిలోమీటర్ల గుండ్రం గీయండి. చాంగీ, మరీనా, ఉడ్‌ల్యాండ్స్, దాటి జొహోర్ బారు కూడా లోపలే పడతాయి. ఇక ఎక్కడికి పోతారు? అందుకే చిన్నవాటి మీద ఆశ. 2024లో అమెరికాతో అణు సహకార ఒప్పందం చేసుకున్నారు, 2025 నుంచి పరిశోధన, శిక్షణ పెంచారు. కట్టాలని మాత్రం ఇంకా నిర్ణయించలేదు.

ఫుకుషిమా పేరు ఎత్తాను కాబట్టి, నీ మొదటి ప్రశ్నకి అసలు జవాబు అక్కడే ఉంది. రియాక్టర్‌ని ఆపేసినా వేడి ఆగదు. ఆపిన క్షణంలో ఇంకా ఆరేడు శాతం వేడి వస్తూనే ఉంటుంది. నీళ్లు తిరుగుతూ ఉండాలి, పంపులు ఆడాలి. బయట కరెంటు పోతే పంపుల్ని ఆడించేది ఏది? డీజిల్ జనరేటర్. ఫుకుషిమాలో సునామీ నీళ్లు ఆ జనరేటర్లని ముంచేశాయి, ఆ తర్వాతే కోర్ కరిగింది. అంత పెద్ద రియాక్టర్ ప్రాణం ఆ రోజు డీజిల్ ఇంజన్ చేతిలో ఉంది. కొత్త డిజైన్లలో కరెంటు లేకపోయినా దానంతటదే చల్లారేలా చూస్తున్నారు. మంచిదే. కానీ రియాక్టర్ వచ్చి డీజిల్ మెకానిక్ పొట్ట కొడుతుందన్న భయం మాత్రం వద్దు.

పొట్ట కొట్టేది వేరే ఉంది. బ్యాటరీ, వైరు. సింగపూర్‌లో 2025 జనవరి నుంచి కొత్త డీజిల్ కార్లు, టాక్సీలు రిజిస్టర్ చేయడం లేదు. 2030 నుంచి రేవులో తిరిగే కొత్త పడవలు పూర్తి కరెంటువో, శుద్ధ ఇంధనాలకి పనికొచ్చేవో అయ్యుండాలి. ఆంగ్ మో కియో కింద క్రాస్ ఐలాండ్ లైన్ కోసం టన్నెల్ తవ్వే మిషన్‌ని తిప్పేది కరెంటే. మోటార్ పని ఇంజన్ పనిని కొంచెం కొంచెంగా తింటోంది. రేపు ఆ కరెంటు గ్యాస్‌దైనా, ఎండదైనా, రియాక్టర్‌దైనా మెకానిక్‌కి తేడా లేదు.

అన్నలూ, మన కాంక్రీట్‌వాళ్ల సంగతి కూడా చెప్పాలి. అబుదాబిలో బరాకా పెద్ద ప్లాంటు, నాలుగు యూనిట్లు, 5,600 మెగావాట్లు. అలాంటి చోట రాడ్డు, షట్టరింగ్, కాంక్రీట్ పని ఏళ్ల తరబడి ఉంటుంది. చిన్న రియాక్టర్ ఫ్యాక్టరీ నుంచి వస్తే సైటులో మన పని తగ్గుతుంది. పీపీవీసీ వచ్చాక సైటులో తలకాయలు తగ్గడం చూశాం కదా. పెరిగేది ప్రెషర్ పైపు వెల్డింగ్, ఎక్స్‌రే టెస్టింగ్, ఇన్‌స్ట్రుమెంట్లు, ఎలక్ట్రికల్.

కాబట్టి తమ్ముడూ, నా సలహా ఇది. డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. ఇంట్లో రెండేళ్లు ఓపిక పట్టే స్తోమతుంటే ఎలక్ట్రీషియన్‌గానీ ఫిట్టర్‌గానీ చేయించు. ఆ స్తోమత లేకపోతే డీజిలే చేయించు, తప్పేం కాదు, కానీ అక్కడితో ఆగనివ్వకు. ఆల్టర్నేటర్, ప్యానెల్ బోర్డు పని కూడా నేర్చుకోమను. వెల్డింగ్ మీద ఇష్టముంటే 6జీ టెస్ట్ పాసయ్యేదాకా వదలొద్దను. ఆ చెయ్యికి షిప్‌యార్డులోనూ, రిఫైనరీలోనూ, రియాక్టర్ ఫ్యాక్టరీలోనూ ఒకటే విలువ. “న్యూక్లియర్ ప్రాజెక్టులో పోస్టులు” అని ముందే డబ్బడిగే ఏజెంటు వస్తే మాత్రం పైసా కట్టొద్దు.

ఇక కొవ్వాడ. ఆరు రియాక్టర్లు, ఒక్కోటి 1,208 మెగావాట్లు అన్నారు. మొదట ఒక అమెరికా కంపెనీ, తర్వాత ఇంకో అమెరికా కంపెనీ. 15 ఏళ్లు దాటింది, రియాక్టర్ కట్టడం మొదలవ్వలేదు. నీ ఊరివాళ్లు ఆ 15 ఏళ్లూ ఇల్లు బాగుచేసుకోవాలా వద్దా, పడవ కొనాలా వద్దా తెలియకుండా బతికారు. చిన్న రియాక్టర్లది అలాంటి కబురేనా అన్నావు. టెక్నాలజీ అబద్ధం కాదు, విశాఖలో రుజువైంది. తారీఖులే నమ్మకూడదు. చిన్నదైనా దానికి కంచె కావాలి, చల్లబరచడానికి ఏర్పాటు కావాలి, వాడేసిన ఇంధనం దాచడానికి చోటు కావాలి. అది ఎవరో ఒకరి ఊరి పక్కనే ఉంటుంది. ఆ ఊరివాళ్లని ముందుగా కూర్చోబెట్టి మాట్లాడకపోతే ముత్సుకి జరిగిందే జరుగుతుంది.

రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెద్దవాళ్లతో కాదు, ఆ పిల్లాడితోనే మాట్లాడు. ఇంజన్ విప్పడం ఇష్టమా, వైరింగ్ ఇష్టమా అని అడుగు. చేతికి ఇష్టమైన పని అయితే మిషన్ మారినా వాడే నేర్చుకుంటాడు. ఏం తేల్చుకున్నారో మెసేజ్ పెట్టు. మీలో ఎవరైనా బరాకాలోగానీ షిప్‌యార్డులోగానీ చేసినవాళ్లుంటే మీరూ చెప్పండి, వచ్చే వారం చదువుతాను.

ఉంటాను. హెల్మెట్, బెల్టు మర్చిపోకండి.