ముందు వరుసలో కూర్చుందాం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "అన్నా, నీకు పాటల పిచ్చి కదా, సంగీతం గురించి ఓ పది నిమిషాలు మాట్లాడన్నా" అన్నాడు. పిచ్చి ఉన్న మాట నిజమే. పాడటం మాత్రం రాదు. బతికినన్నాళ్లూ బ్యాంకులో అంకెలు కూడిన చేతులివి. అందుకని వినేవాడి తరఫున నాలుగు మాటలు చెబుతాను. చివర్లో సంఘానికి ఒక విన్నపం ఉంది. అది వినేదాకా దయచేసి భోజనాలకు లేవకండి.

నా పిచ్చి కాస్త వింత పిచ్చి. పెద్ద విద్వాంసుల కచేరీలకు అందరూ వెళతారు, నేనూ వెళతాను. కానీ నాకు ఎక్కువ ఇష్టం పేరు తెలియనివాళ్ల కచేరీలు. సాయంత్రం చొక్కా వేసుకుని బయల్దేరితే మా ఇంటావిడ అడుగుతుంది: "ఈ పొద్దు ఎవురంట పాడేది?" "ఎవరో కొత్త పాప" అంటాను. "తెలిసినోళ్లా?" "కాదు." "మరి యాడికి పోతా ఉండావు?" నలభై ఏళ్లుగా ఇదే సంభాషణ. ఆమెకు ఇచ్చుకోలేకపోయిన జవాబు ఈరోజు మీకు చెబుతాను.

మన తిరుపతిలో ఉన్నంత అదృష్టం చాలా ఊళ్లలో లేదు. 1959 నుంచీ ఇక్కడ శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల ఉంది. 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలైంది. మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం ఉన్నాయి. కొండ మీద గుడి ఎదుట నాదనీరాజనం వేదిక ఉంది. చిత్తూరు వైపు పల్లెల్లోకి వెళితే వేసవిలో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం మిట్టల మీద పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతుంటే చేతులెత్తి మొక్కే జనం, దుర్యోధన వధ రోజున తిరునాళ్లలా కూడే జనం మన దగ్గర ఇంకా ఉన్నారు. వీటిలో చాలావాటికి టికెట్ లేదు. మనం పెట్టాల్సిన ఖర్చు ఒక సాయంత్రం మాత్రమే.

ఇంట్లో ఫోనులో అన్నీ దొరుకుతున్నాయి కదా, ఎదురుగా కూర్చుని వినడం ఎందుకు అని మా అబ్బాయి అడుగుతుంటాడు. వాడికి చెప్పిన ఒక సంగతి మీకూ చెబుతాను.

కొన్నేళ్ల కిందట తిరుపతిలోనే ఒక చిన్న హాల్లో కచేరీ. పాడే అమ్మాయికి పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో. వినేవాళ్లం పద్దెనిమిది మందిమి, లెక్కపెట్టాను. అందులో ఏడుగురు ఆ పిల్ల చుట్టాలే. కల్యాణి రాగంలో కీర్తన అందుకుని స్వరకల్పనకు వచ్చింది. ఆమె ఒక వరస పాడాలి, వయొలిన్ ఆయన బదులు వాయించాలి. సరిగ్గా అప్పుడు వయొలిన్ తీగ టప్పున తెగింది. ఆయన గబగబా సంచిలో కొత్త తీగ వెతుక్కుంటున్నాడు. మృదంగం అబ్బాయి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె తాళం ఆపలేదు. తన వంతు తాను పాడి, ఆయన వంతు కూడా తనే పాడింది. ప్రశ్న కాస్త గట్టిగా, బదులు కాస్త మెల్లగా. తీగ బిగించి, శ్రుతి చేసుకుని ఆయన విల్లు ఎత్తేదాకా అలాగే నడిపింది. ఆయన అందుకోగానే తల వంచి నవ్వింది. మేం పద్దెనిమిది మందిమీ చప్పట్లు కొడితే హాలు నిండినట్టు అనిపించింది.

రికార్డింగులో అయితే ఆ తీగ తెగిన ముక్క కత్తిరించేస్తారు. ఆ పిల్ల సత్తా అంతా ఉన్నది ఆ ముక్కలోనే. టీవీ పోటీల మీద నాకు కోపం లేదు. 1996లో మొదలైన 'పాడుతా తీయగా' చూసి ఎంతమంది తల్లిదండ్రులు పిల్లల్ని సంగీతానికి పంపారో మనకు తెలుసు. అయితే అక్కడ పరీక్ష కొన్ని నిమిషాల పాటకు. గంటన్నర కచేరీ మనిషినే పరీక్షిస్తుంది. గొంతు వేడెక్కడం, ఊపిరి చాలకపోవడం, తడబడితే సర్దుకోవడం, పక్కవాద్యాలకు చోటివ్వడం, అన్నీ మన కళ్ల ముందే జరుగుతాయి. ఎదిగే పిల్లలకు అలాంటి పరీక్షలు పది కాదు, వంద కావాలి. వాటిని ఇంట్లో తలుపులు వేసుకుని రాయలేరు. వినేవాళ్లు ఎదురుగా ఉండాలి.

పెద్దలైన వాళ్లందరూ ఒకప్పుడు ఇలా ఎవరి ఎదుటో కూర్చున్న పిల్లలే. మంగళంపల్లి మురళీకృష్ణకు ఎనిమిదేళ్ల వయసులో విజయవాడ త్యాగరాజ ఆరాధనలో పాడే అవకాశం వచ్చింది. విన్న హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆ పిల్లవాడి పేరుకు ముందు 'బాల' చేర్చారు. ఆ మాట చివరిదాకా ఆయనతోనే ఉంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొమ్మిదేళ్ల పాలకొల్లు కుర్రాడు మాండలిన్ పట్టుకుని కూర్చున్నాడు. మాండలిన్ మీద కర్ణాటక సంగీతమా అని ఆ రోజు జనం లేచి వెళ్లిపోయి ఉంటే? వెళ్లలేదు, విన్నారు. ఆ పిల్లవాడే మాండలిన్ శ్రీనివాస్ అయ్యాడు. ఈ రెండు చోట్లా తలుపు తెరిచింది ఊళ్లోని ఆరాధనోత్సవాలే అని గమనించండి.

మన ప్రాంతం సంగతికి వద్దాం. పేరులోనే చిత్తూరును మోసిన సుబ్రహ్మణ్య పిళ్లై గారు కాంచీపురం నాయనా పిళ్లై శిష్యులు. గురువు గారి కచేరీల్లో పక్కన కూర్చుని గొంతు కలుపుతూ ఎదిగారు. 1954లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు 'సంగీత కళానిధి' ఇచ్చింది. ఇప్పుడు కూడా పెద్ద విద్వాంసుల వెనక తంబురా దగ్గర కూర్చుని సన్నగా గొంతు కలిపే పిల్లలు కనిపిస్తారు. కచేరీ అయ్యాక అందరూ పెద్దాయన చుట్టూ మూగుతారు. మీరు ఆ వెనక కూర్చున్న పిల్ల దగ్గరికి వెళ్లి "ఏం పేరమ్మా?" అని అడగండి. ఆ ముఖం చూస్తే మీకే తెలుస్తుంది.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి బడి చదువు శ్రీకాళహస్తిలో సాగింది. అక్కడ ఒక మాస్టారు ఈ కుర్రాడి గొంతు గుర్తించి, పాట పాడించి టేపురికార్డరులో పట్టారు. తర్వాత మద్రాసులో ఒక పాటల పోటీలో ఎస్.పి. కోదండపాణి గారి చెవిన పడ్డారు. 1966లో సినిమాకు తొలి పాట. కోదండపాణి గారిని లోకం గుర్తు పెట్టుకుంది, పెట్టుకోవాలి కూడా. కానీ అంతకుముందే వినిపించుకున్నది ఒక బడిపంతులు. ఈ సభలో ఉన్న మాస్టర్లు, టీచరమ్మలు ఈ ముక్క జేబులో వేసుకుని వెళ్లాలని నా కోరిక.

గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు 1978లో అన్నమాచార్య ప్రాజెక్టులో చేరేనాటికి ముప్పై ఏళ్లవారు. ఎన్నో వందల కీర్తనలకు బాణీలు కట్టి పాడారు. 2025 మార్చి 9న తిరుపతిలో కన్నుమూశారు. ఆ మరునాడు నా ఫోను నిండా ఆయన పాటలే, శ్రద్ధాంజలులే. మంచిదే. పూర్ణకుంభం కూడలిలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి విగ్రహానికి దండం పెట్టుకోవడమూ మంచిదే. పోయినవారిని తలుచుకోవడంలో మనకు సాటి లేదు. రేపటి గరిమెళ్ళ ఈ సాయంత్రం ఏ హాల్లో, ఎన్ని ఖాళీ కుర్చీల ముందు పాడుతున్నారో ఎవరైనా వెళ్లి చూడాలి కదా. మా ఇంటావిడకు నేను చెప్పలేకపోయిన జవాబు ఇదే.

ఖాళీ కుర్చీలు ఏం చేస్తాయో మీకు తెలియాలి. కొత్తగా పాడేవాళ్లకు వచ్చే పారితోషికం చాలాసార్లు వయొలిన్‌కు, మృదంగానికి, దారి ఖర్చులకే సరిపోతుంది. ఒక్కోసారి సొంత డబ్బు కలుపుతారు. డబ్బు లోటు తట్టుకుంటారు. వినేవాళ్లే లేకపోతే మాత్రం ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు చాలామంది ఆపేస్తారు. పెళ్లో, ఉద్యోగమో వస్తుంది, తంబురా పెట్టె అటక ఎక్కుతుంది. పదేళ్ల సాధన అలా అటకెక్కడం నా కళ్లతో చూశాను. వాళ్లలో కొందరు నాకు ఎదురుపడితే, "అంకుల్, మీరు ముందు వరుసలో కూర్చునేవారు కదా" అంటారు. నా ఒక్కడి తల చాలలేదు. అదే నా బాధ.

"మాకు రాగాలు తెలియవు, వెళ్లి ఏం చేస్తాం?" అంటారు. నాకూ మొదట్లో తెలియవు. మూడే మూడు చూడండి. గొంతు తంబురాలో కలిసిపోతోందా, వేరుగా వినిపిస్తోందా. నిదానంగా సాగే పాటలో నిలకడ ఉందా. వేగం తప్పులను దాచేస్తుంది, నిదానం దాచదు. పక్కవాద్యం వాయిస్తుంటే పాడేవాళ్లు దాన్ని వింటున్నారా, లేక నీళ్ల సీసా వెతుక్కుంటున్నారా. ఈ మూడూ తెలుసుకోవడానికి శాస్త్రం అక్కర్లేదు. తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేవకండి. మృదంగం వాయించే కుర్రాడు గంట నుంచీ ఎదురుచూసింది ఆ పది నిమిషాల కోసమే. మార్గశిరంలో వీలైతే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైకి వెళ్లి రండి. అక్కడి సభల్లో పిల్లలు పాడే మధ్యాహ్నపు కచేరీలకు చాలాచోట్ల టికెట్ ఉండదు. ఒక్కరోజులో మూడు వినొచ్చు.

ఇక నా విన్నపం.

ఈ ఉదయం మన సభ ప్రార్థనా గీతంతో మొదలైంది. తొమ్మిదో తరగతి అమ్మాయి పాడింది. మనలో ఎంతమంది విన్నాం? ముఖ్య అతిథులు ఇంకా కుర్చీలు సర్దుకుంటున్నారు, మైకు ఆయన వైర్లు కలుపుతున్నాడు, వెనకవైపు పలకరింపులు సాగుతున్నాయి. రెండు నిమిషాల్లో పాట అయిపోయింది, పిల్ల వెళ్లిపోయింది. దేశంలో ఏ బడి సభ అయినా ఇంతే. పాడే పిల్లలకు మనం ఇచ్చే చోటు సభ ఇంకా సభ కాకముందే అయిపోతుంది.

ఒక ప్రార్థనా గీతాన్ని శ్రద్ధగా వింటే ఏమవుతుందో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా చరిత్రలోనే ఉంది. 1919లో టాగూరు మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కళాశాలకు వచ్చినప్పుడు విద్యార్థుల ముందు 'జనగణమన' పాడారు. విన్నవాళ్లు దాన్ని వదల్లేదు. మార్గరెట్ కజిన్స్ దగ్గరుండి స్వరాలు రాయించుకున్నారు. కళాశాల దాన్ని తన ప్రార్థనగా చేసుకుంది. పాడినవారు మహాకవి, సరే. కూర్చుని విని, రాసిపెట్టుకుని, మళ్లీ పాడినవాళ్లు మాత్రం మనలాంటి టీచర్లు, విద్యార్థులు.

కాబట్టి వచ్చే ఏడు నుంచి మన వార్షిక సభలో ఒక గంట మన బడి పిల్లలకు ఇద్దాం. పాటే కానక్కర్లేదు, నాదస్వరం, డోలు, హరికథ, భారతం పద్యం, ఏది వస్తే అది. ఎవరో ఒక్కరికి పూర్తి గంట. అందరికీ తలా రెండు నిమిషాలు పంచొద్దు. మంచి పక్కవాద్యాలు, వాళ్లకు తగిన పారితోషికం సంఘం ఇవ్వాలి. మైకు అరగంట ముందే సరిచూడాలి. మధ్యలో శాలువాలు, ఫోటోలు, ప్రకటనలు ఉండకూడదు. ఫోన్లు జేబుల్లో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, సంఘం పెద్దలందరూ ముందు వరుసలో చివరిదాకా కూర్చోవాలి. మొదటి అయిదేళ్ల పక్కవాద్యాల ఖర్చు నేను భరిస్తాను. పిల్లల్ని వెతికిపెట్టే పని టీచర్లది. కూర్చునే పని మీది.

ఉదయం పాడిన ఆ అమ్మాయి ఇంకా ఇక్కడే ఉందని విన్నాను. భోజనాలకు ముందు ఆమె మళ్లీ పాడటానికి ఒప్పుకుంది. మైకు బాగుంది, నేను చూసి వచ్చాను. నా పది నిమిషాల్లో మిగిలినవి ఆమెకు ఇచ్చేస్తున్నాను. వెనక ఉన్నవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఉన్నాయి.