పెరటి సరుగుడు

మేము రైల్వే గుమాస్తాలము, ఉపన్యాసకులము కాము. పెరటి విషయ మొక్కటి మనవి చేస్తాము.

సరుగుడు దేవదారువలె కనిపించినా ఆ జాతిది కాదు. నూరడుగులదాకా ఎదగగలదు. దాని హోరులో సముద్రం వినిపిస్తుందని కోస్తానుండి వచ్చిన మన పెద్దలు కొట్టనివ్వరు. వారి బెంగ మాకు తెలుసు. కాని గాలివానకు అది విరిగితే, పెంకుల క్రింద పడుకొనేది మన పిల్లలు. పైగా 45 డిగ్రీలు దాటే చంద్రపూర్ ఎండకు దాని పలుచని నీడ చాలదు.

అయితే తొందరపడి గొడ్డలి పట్టరాదు. మహారాష్ట్ర 1975 నాటి వృక్షరక్షణ చట్టం ప్రకారం, సొంత పెరటి చెట్టుకైనా మహానగరపాలిక అనుమతి ముందుగా పొందాలి. తరువాత పని తెలిసినవారిచేత తాళ్ళు కట్టించి, కొననుండి ముక్కలుగా దింపించాలి. ఇంటిప్రక్కన మొదలు నరికి పడవేయరాదు. కలప వృథా కాదు; పందిరి రాటలకు, వంటచెరకుకు పనికివస్తుంది.

తొలకరికి గోడకు దూరంగా వేప నాటండి. మన ఉగాది పచ్చడికి పువ్వు, మరాఠీ పొరుగువారి గుడీపాడ్వాకు ఆకు, రెండూ ఆ చెట్టే ఇస్తుంది. పండుగా ఒకనాడే గదా!