తిట్టొద్దు, దాచొద్దు - మా పిల్లల సంగతి చెప్పండి
(వాడలో జరిగిన తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన పిల్లల గురించి బడి మనతో ఎక్కువగా రెండు మాటలే మాట్లాడింది. ఒకటి, "మీవాడికి చదువు రాదు, పనిలో పెట్టుకోండి". రెండోది, "బాగానే చదువుతున్నాడమ్మా, పోయిరా". మొదటిది అవమానమని అందరికీ తెలుసు. రెండోది మర్యాదలా కనపడే దెబ్బ.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యా హక్కు చట్టం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ ఆపొద్దంది. పిల్లలు బడి మానకుండా పెట్టిన నియమం అది. దాన్ని సాకు చేసుకుని నేర్పకుండానే పై తరగతికి తోసిన చోట, కూడబలుక్కుని చదివే పిల్ల పదో తరగతి పరీక్ష ముందు నిలబడింది. అప్పుడు నిజం తెలిసి ఏం లాభం? 2019లో చట్టం సవరించారు. 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి, రెండోసారి కూడా తప్పితే ఆపే వీలు ప్రభుత్వాలకిచ్చారు. దాచిన నిజం ఎప్పటికైనా పిల్ల నెత్తినే పడుతుంది. దాచినోళ్ల నెత్తిన పడదు.

కాబట్టి మాకు నిజం కావాలి. ఏది నిజం? "మీ పాపకు కూడికలు, తీసివేతలు వచ్చు. భాగహారం దగ్గర ఆగింది. ఈ నెల ఆరు రోజులు బడికి రాలేదు" - ఇది నిజం. "మీవాళ్లకు లెక్కలు ఎక్కవు" - ఇది నిజం కాదు, కులం. పిల్లల్ని కొట్టటాన్నే కాదు, మానసికంగా వేధించటాన్నీ ఆ చట్టం 17వ సెక్షను నిషేధించింది.

మర్యాదంటే నిజం మింగటం కాదు. తరగతంతా వినేలా పరువు తీయకపోవటం. కూలికి పోయిన తల్లి తిరిగొచ్చే పొద్దు చూసి మాట్లాడటం. ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేయించుకునే ముందు అందులో ఏముందో చదివి వినిపించటం. రానిదాంతోపాటు వచ్చిందీ చెప్పటం.

ఇది మేమడిగే దయ కాదు. తల్లిదండ్రులతో సమావేశాలు పెట్టి హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో ప్రగతి చెప్పటం టీచరు విధి అని 24వ సెక్షను రాసింది. సర్కారు బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని 21వ సెక్షను చెప్పింది. ఆ కమిటీలో సంతకాలకే కాదు, మాట్లాడటానికీ కూర్చుందాం.

ఇక మనలో మన మాట. టీచరు నిజం చెప్పిన రాత్రి పిల్లాడి వీపు పగిలితే, ఆడపిల్లను పత్తి చేలోకి పంపితే, పెళ్లి మాటలు మొదలుపెడితే, ఇంకోసారి ఏ టీచరు నోరు విప్పుతాడు? మంచి టీచరు కూడా పిల్ల మీద జాలితో అబద్ధమే చెప్తాడు. నిజం విని తట్టుకునే ఇల్లు మన వంతు.

రేపటి నుంచి బడికెళ్లి మూడు మాటలడుగుదాం: మా పిల్లకేమొచ్చు? ఎక్కడ ఆగింది? మీరేం చేస్తారు, మేమేం చెయ్యాలి? జవాబొచ్చేదాకా కుర్చీలో నుంచి లేవొద్దు. కుర్చీ వెయ్యకపోతే, ముందు కుర్చీ అడుగుదాం.

జై భీమ్!