మ్యాపులో ముప్పై మూడు అడుగులు, చేలో నాలుగు

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



సంక్రాంతి వెళ్లాక మేం తొమ్మిది మందిమి కంభం చెరువు కట్ట దగ్గర బయల్దేరి, గుండ్లకమ్మ వెంట అద్దంకి దాకా సైకిళ్ల మీద వచ్చాం. నాలుగు రోజులు పట్టింది. మిరపకాయ కోతకు మనుషులు దొరక్క జనం అల్లాడుతుంటే వీళ్లకు సైకిలు సరదా ఏమిటని కొందరు మా మొహం మీదే అన్నారు. అడగాల్సిన మాటే అడిగారు. అందుకే ఏం చూసొచ్చామో సభ ముందు పెడుతున్నాం.

విదేశాల్లో ఇప్పుడు గ్రావెల్ బైకింగ్ అని ఒకటి బాగా నడుస్తోంది. తారు రోడ్డు వదిలేసి కంకర బాటల మీద, తోటల మధ్య తొక్కుకుంటూ పోతారు. లావు టైర్ల సైకిళ్లు, ఒక్కోటి లక్ష రూపాయలు దాటి కూడా ఉంటుంది. మా ఊరి కుర్రాడు ఫోనులో ఆ వీడియోలు చూపించాడు. జర్మనీలో మోజెల్ అని ఒక నది ఉంది. రెండు పక్కలా కొండవాలు నిండా ద్రాక్ష తోటలు, మధ్య మధ్య పాత పట్నాలు. వాటిలో ట్రియర్ అనే ఊరు రోమన్ల కాలం నాటిది. కార్ల్ మార్క్స్ పుట్టింది ఆ ఊళ్లోనే, 1818లో. ఆ మోజెల్ ద్రాక్ష రైతులు ధర లేక, పన్నులు కట్టలేక చితికిపోతుంటే 1843లో ఆయన పత్రికలో వాళ్ల తరఫున రాశాడు. ఆ పత్రికను ఆ ఏడాదే ప్రభుత్వం మూయించింది. రైతు కష్టం రాసినవాడికి ఏ దేశంలోనైనా ముందు దక్కేది అదే.

ఆ వీడియోల్లో సైకిళ్ల వాళ్లకు కనపడనిది మాకు కనపడింది. వాళ్లు తొక్కుతున్న బాటల్లో చాలావాటిని సైకిళ్ల కోసం వేయలేదు. అక్కడ ముక్కలు ముక్కలుగా ఉన్న కమతాలను ప్రభుత్వం కొలిచి, సర్ది, తోటల్లోకి ట్రాక్టరు పోయేట్టు దారులు వేయించింది. రైతుకు వేసిన దారి మీద ఇవాళ చూడ్డానికి వచ్చినవాళ్లు తిరుగుతున్నారు. మంచిదే. మరి మన లోయలో అట్లా తిరిగితే ఎంత దూరం పోగలం? అది చూద్దామనే బయల్దేరాం. మా సైకిళ్లు పాలు పోసుకునేవి, పురుగుమందు డబ్బాలు కట్టుకునేవి. పెట్టుకున్న నియమం ఒక్కటే: తప్పనిసరి అయితే తప్ప తారు రోడ్డు ఎక్కకూడదు, డొంకల వెంటే రావాలి.

గుండ్లకమ్మను మనం ఏరు అంటాం గానీ దాని వెంట ఉన్న చరిత్ర చిన్నది కాదు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి వస్తుంది. కంభం దగ్గర రెండు కొండల మధ్య దానికి అడ్డంగా కట్ట వేశారు. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. సుమారు 500 ఏళ్ల ఆ చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఆ కట్ట మీద నిలబడితే మనిషి చేతి పని ఎంత కాలం నిలుస్తుందో తెలుస్తుంది. అక్కణ్ణించి పలకల ఊరు మార్కాపురం. అక్కడి చేలల్లో ఎవర్ని పలకరించినా వెలిగొండ నీళ్లెప్పుడొస్తాయనే అడుగుతారు. 1996లో శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. అప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు.

తర్వాత దొనకొండ, కురిచేడు మీదుగా వినుకొండ దిక్కుకు వచ్చాం. అక్కడ రైల్వే స్టేషను పేరే గుండ్లకమ్మ. ఆ కింద అద్దంకి. 848 నాటి పండరంగని శాసనం దొరికిన ఊరు అది. తెలుగులో పద్యం చెక్కిన తొలి రాళ్లలో ఒకటి. తర్వాత ప్రోలయ వేమారెడ్డి రాజధాని కూడా అదే. ఆ రాజు శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని ఇవాళ్టికీ చెప్పుకుంటాం. గెలిచిన యుద్ధాలు మనలో ఎందరికి గుర్తు? వేయించిన దారి గుర్తుంది.

అద్దంకి దిగువన మల్లవరం రిజర్వాయరు గేట్లు 2022 ఆగస్టులో ఒకటి, 2023 డిసెంబరులో ఒకటి కొట్టుకుపోయిన సంగతి మీకు తెలుసు. అది ఇంకో సభకు సరిపడే మాట, ఇప్పుడు దాంట్లోకి పోం.

ఇక డొంకల సంగతి. మొదటి రోజు మధ్యాహ్నానికే మా నియమం తప్పింది. ఊరి మ్యాపులో రెండు గీతల మధ్య బారుగా కనపడే డొంక, చేలో ఒక పత్తి సాలులో కలిసిపోయింది. అక్కడ సైకిళ్లు భుజాన వేసుకుని గట్టు మీద నడిచాం. కొన్నిచోట్ల సర్కారు తుమ్మ అల్లుకుపోయి మేకలు కూడా దూరడం లేదు. పల్లేరు ముళ్లకు రోజుకు నాలుగైదు పంక్చర్లు. ఒకచోట చప్టా కూలిపోయి అవతలి చేలకు దారే లేదు. రేగడి నేలల్లో ఎండాకాలం ఎట్లాగో పోవచ్చు. వాన పడ్డాక ట్రాక్టరు సంగతి దేవుడెరుగు, మనిషి కాలే ఊడిరాదు.

కురిచేడు దాటాక ఒక ఊళ్లో జరిగింది చెబుతాం. ఊరి పేరు, మనుషుల పేర్లు వద్దు, వాళ్లు వాళ్లలో వాళ్లు బతకాలి. అక్కడ మ్యాపు ప్రకారం డొంక 33 అడుగులు. సర్వే గొలుసు 66 అడుగులు గదా, అందులో సగం. మేం టేపు పెట్టి కొలిస్తే మిగిలింది నాలుగు అడుగులు. లోపలి చేలో ఒక కౌలు రైతమ్మ ఎకరం మిరప వేసింది. కాపు బాగుంది. ఇరవై క్వింటాళ్లు వస్తే నలభై కిలోల టిక్కీలు యాభై. ఆ యాభై టిక్కీలూ నెత్తిన పెట్టుకుని అర కిలోమీటరు మోయాలి. మోసినందుకు టిక్కీకి ఇంత అని ఇవ్వాలి. లేదంటే ముందు చేను రైతు కోతలు అయ్యేదాకా ఆగి, అతని చేలోంచి ట్రాక్టరు పోనివ్వమని బతిమాలుకోవాలి. ఈలోపు ధర పడిపోతే ఎవరిని అడగాలి? చేలో ఎవరికైనా పాము కరిస్తే 108 బండి ఎక్కడ ఆగుతుందో ఆమే వేలు పెట్టి చూపించింది. అంత దూరం మంచం మీద మోసుకుపోవాలి.

మద్దతు ధర మీద మనం ధర్నాలు చేస్తున్నాం, చేయాలి. కానీ ఈ మోత ఖర్చు ఏ లెక్కలోనూ రావడం లేదు. చేను దారికి దూరమని యజమాని కౌలు తగ్గిస్తాడా అంటే అదీ లేదు.

దీనికి పెద్ద భూస్వామి ఒక్కడే కారణమని చెబితే చప్పట్లు పడతాయి గానీ అది నిజం కాదు. కంచె వేసి, గేటు పెట్టి, డొంకను తోటలో కలిపేసుకున్న పెద్దలు ఉన్నారు, వాళ్లను వదలకూడదు. కానీ ఎక్కువ చోట్ల అటొకరు ఇటొకరు ఏడాదికి ఒక సాలు చొప్పున లోపలికి జరిగారు. ముప్పై ఏళ్లకు డొంక గట్టయింది. అట్లా జరిగినవాళ్లలో మన సభ్యత్వ రసీదు జేబులో ఉన్నవాళ్లూ ఉన్నారు. ఈ సభలోనూ ఉండొచ్చు. ముందు మన సాలు మనం వెనక్కి తీసుకుంటేనే పెద్దాయన గేటు దగ్గరికి పోవడానికి మనకు నోరుంటుంది.

పన్నెండేళ్లు దున్నుకుంటే నాదే అనే మాట ఒకటి చేలల్లో తిరుగుతుంటుంది. డొంక దగ్గర అది చెల్లదు. డొంక పోరంబోకు, ఊరుమ్మడి దారి. దాన్ని ఖాళీ చేయించే అధికారం తహసీల్దారుకు 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఇచ్చింది. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. పట్టా భూమిలోంచి వాడుకగా పోయే బండిబాట మాత్రం వేరే సంగతి. దానికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉంది, ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా హక్కుగా నడిచిన దారికి రక్షణ ఉంది. రెండిటినీ కలిపి అర్జీ పెడితే ఆఫీసులో రెండూ పక్కన పడేస్తారు.

అసలు తొందర ఎందుకంటే రీసర్వే. 2020 డిసెంబరులో మొదలైన ఈ సర్వేలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు వస్తున్నాయి. సర్వేయరు చేలో చూసింది కొలుస్తాడు. చేలో నాలుగు అడుగులే ఉంటే, పక్కన నిలబడి పాత మ్యాపు చూపించేవాడు లేకపోతే, ముప్పై మూడు కాస్తా కాగితం మీద కూడా నాలుగవుతుంది. ఇంగ్లండులో 1949లో చట్టం చేసి ప్రజలు నడిచే ప్రతి దారినీ మ్యాపుకెక్కించమన్నారు. మ్యాపుకెక్కిన కాలిబాట పెద్ద ఎస్టేటు మధ్యలోంచి పోయినా యజమాని ఆపలేడు. మనకు ఆ మ్యాపు ఎప్పుడో ఉంది. ఉన్నదాన్ని పోగొట్టుకునే దశలో ఉన్నాం.

పల్నాడులో కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకీ గుళ్లకు చనిపోయింది పశువుల మేత కోసం. అడవిలో పశువును మేపితే పుల్లరి కట్టమన్నారు, కట్టమన్నారు మనవాళ్లు. 1937-38లో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన పోయింది. వాళ్ల ముందు మా నాలుగు రోజుల సైకిలు ఏపాటిది? కాకపోతే సైకిలు మీద ఒక మేలుంది. జీపులో పోతే డొంక మొదట్లోనే ఆగిపోతాం, చివర ఏముందో తెలియదు.

కాబట్టి ఇప్పుడు చేయాల్సిన పని. ప్రతి ఊరి నుంచి ఇద్దరు సచివాలయానికి వెళ్లి గ్రామ పటం నకలు అడగండి.  పటంలో డొంకలు ఎన్ని, ఏ నంబరు పక్కన పోతున్నాయో రాసుకోండి. రీసర్వే అయిన ఊళ్లలో డొంకకు విడిగా ఎల్‌పీఎం నంబరు పడిందా, వెడల్పు ఎంత వేశారో చూడండి. తేడా ఉంటే అప్పీలు గడువు దాటకముందే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. నోటి మాటగా చెప్పి రావద్దు. గ్రామసభలో తీర్మానం పెట్టండి. ఉపాధి పనుల్లో డొంకలకు గ్రావెల్ తోలించుకున్న ఊళ్లు ఉన్నాయి, మనమూ అడుగుదాం. కానీ హద్దులు తేలకుండా గ్రావెల్ పోస్తే నాలుగడుగుల డొంకే పక్కా అయిపోతుంది. ముందు కొలత, తర్వాత కంకర.

మిరప కోతలు అయ్యాక, పత్తి కట్టె పీకాక, చేలు ఖాళీగా ఉండే నెల రోజులే మనకు టైము. దుక్కి మొదలైతే మళ్లీ ఒక సాలు లోపలికి పోతుంది. టేపులు రెండు సంఘం కొన్నది. సైకిళ్లు మా దగ్గర ఉన్నాయి, మీవి తెచ్చుకున్నా సరే. పుస్తకం ఈ బల్ల మీద పెట్టాం. మీ ఊరి పేరు, డొంక పేరు, వచ్చే ఇద్దరి పేర్లు రాయించి భోజనాలకు లేవండి.