కరకంబాడి పొలం, మన బడి తోట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకిచ్చిన అంశం "బడికి మనం ఏమివ్వగలం?" అని. ఇంజనీరుని కాబట్టి ఏదో భవనం గురించి చెబుతానని కార్యదర్శిగారు అనుకొని ఉంటారు. నేను మాట్లాడేది చింతచెట్టు అవతల కంపచెట్లు మొలిచి పడివున్న పది సెంట్ల జాగా గురించి. ఆ జాగాలో తోట పెడదామనే మాట మన సమావేశాల్లో ఇదివరకే రెండుసార్లు వచ్చింది. ప్రతిసారీ "మంచిదే, చూద్దాం" అని అందరం లేచి వెళ్ళాం. ఈసారి చూడడానికి ఒక నమూనా తెచ్చాను. అది మనకు దూరం కాదు.

రేణిగుంట నుంచి కడప రోడ్డులో పోతే కరకంబాడి వస్తుంది. బ్యాటరీల ఫ్యాక్టరీ వల్ల ఆ ఊరి పేరు అందరికీ తెలుసు. అక్కడే వనస్థలిలో ఆచార్య రంగా కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. దాన్ని నడిపేది రాస్, అంటే రాష్ట్రీయ సేవా సమితి. 1981లో తిరుపతిలో రాయలసీమ సేవా సమితి పేరుతో మొదలైన స్వచ్ఛంద సంస్థ అది. ఆచార్య ఎన్.జి. రంగా, పాటూరి రాజగోపాల నాయుడు గార్ల అండతో గుత్తా మునిరత్నంగారు దాన్ని నిలబెట్టారు. ఆయనకు 2012లో పద్మశ్రీ వచ్చింది.

కృషి విజ్ఞాన కేంద్రం అంటే సర్కారు ఆఫీసేనని చాలామంది అనుకుంటారు. జీతాలు భారత వ్యవసాయ పరిశోధన మండలి ఇచ్చే మాట నిజమే. కానీ దేశంలో సుమారు నూరు కేంద్రాలను స్వచ్ఛంద సంస్థలే నడుపుతున్నాయి. ఈ కేంద్రాలు ఎలా ఉండాలో చెప్పడానికి 1973లో ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు మోహన్ సింగ్ మెహతా. ఆయన వ్యవసాయ శాస్త్రవేత్త కాడు, ఉదయపూర్‌లో విద్యాభవన్ అనే బడి పెట్టిన మనిషి. బడి పెట్టినవాడు పొలం గురించి ఆలోచిస్తే ఎలా ఉంటుందో ఆ కేంద్రాల తీరులో కనబడుతుంది. మొదటిది 1974లో పుదుచ్చేరిలో వచ్చింది.

అక్కడ నేర్పే తీరు నాకు బాగా నచ్చింది. ఉపన్యాసం తక్కువ. కొత్త రకం విత్తనం గాని, కొత్త పద్ధతి గాని ముందు రైతు కయ్యలోనే పరీక్షకు పెడతారు. పక్క మడిలో ఆ రైతు పాత పద్ధతే ఉంటుంది. రెండూ ఒకే ఎండకు, ఒకే వానకు పెరుగుతాయి. కోతకొచ్చినప్పుడు చుట్టుపక్కల వాళ్ళను పిలిచి చూపిస్తారు. నచ్చితే తీసుకుంటారు, లేకపోతే లేదు. మా ఇంజనీరింగ్‌లో ఇంతకంటే నిజాయితీ అయిన పరీక్ష నేను చూడలేదు. తిరుపతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన నారాయణి, ధరణి లాంటి చెనిక్కాయ రకాలైనా ఇలా ఎవరో ఒకరి కయ్యలో పక్కపక్కన నిలబడి రైతును ఒప్పించాల్సిందే.

ఆ కేంద్రానికి రంగాగారి పేరు ఊరికే పెట్టలేదు. 1933లోనే ఆయన తన సొంత ఊరు నిడుబ్రోలులో రైతుల కోసం ఒక విద్యాలయం పెట్టారు. అక్కడ నేర్పింది నాగలి పట్టడం కాదు, అది రైతుకు ఎటూ వచ్చు. శిస్తు, అప్పు, చట్టం, రాజకీయం నేర్పారు. తర్వాత మూడో లోక్‌సభలో మన చిత్తూరుకే ఆయన ప్రతినిధి. రైతుకు కావలసింది చదువు, చదువుకున్నవాడికి కావలసింది పొలం అనే ఆలోచన ఈ గడ్డకు కొత్తది కాదని చెప్పడానికే ఇదంతా.

మదనపల్లె వైపు వెళితే ఇంకో పాఠం ఉంది. జిడ్డు కృష్ణమూర్తిగారు పుట్టింది ఆ ఊళ్ళోనే. ఆయన రిషీవ్యాలీ బడికి 1920లలో నేల చూసినప్పుడు అది కరువు లోయ. ఏళ్ళ తరబడి చెట్లు నాటి, వాన నీళ్ళు నిలిపి ఆ లోయను పచ్చగా మార్చారు. 1991లో దాన్ని పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. మన జిల్లా బోళ్ళ మీద ఏమీ రాదనేవాళ్ళు ఒకసారి వెళ్ళి చూసి రావాలి.

ఇక అసలు చిక్కు దగ్గరికి వస్తాను. మన తరంలో ఈ బడికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది రైతుల పిల్లలం, కూలీల పిల్లలం. వాన రాక చెనిక్కాయ ఎండిపోయిన ఏళ్ళలో మా నాయన ఒక్క మాటే అనేవాడు: "మట్టి పిసికింది మాతో చాలు, నువ్వు పెన్ను పట్టు." ఆ మాట పట్టుకొనే నేను ఇంజనీరునయ్యాను, ఈ హాల్లో సగం మంది అలాగే ఎక్కడెక్కడికో వెళ్ళారు. ఇప్పుడు మనం కార్లు దిగి, ఇక్కడ చదివే పిల్లల చేతికి పార ఇస్తామంటే, "మీ పిల్లోడు ఏ బళ్ళో చదివినాడన్నా?" అని ఊళ్ళోవాళ్ళు అడుగుతారు. అడగాలి కూడా.

ఇంకో సంగతి. మన కాలంలోనూ బడికి తోట ఉండేది. దానికి నీళ్ళు మోసింది ఎవరు? ఆలస్యంగా వచ్చినవాళ్ళు, ఫీజు కట్టనివాళ్ళు. ఏ ఇళ్ళ పిల్లల చేతికి బకెట్ ముందు వచ్చేదో మనలో ఎవరికీ తెలియనిది కాదు. తోట శిక్ష అయినప్పుడు దాన్ని ఎవరూ ప్రేమించరు. అందుకే నా మొదటి షరతు ఇది: తోట పని టైంటేబుల్లో ఉండాలి, తరగతిలో ప్రతి ఒక్కరికీ ఉండాలి, వారానికి ఒక పీరియడ్ దాటకూడదు, శిక్షగా ఎన్నడూ ఉండకూడదు. తవ్వకం, మోత, మందు కొట్టడం లాంటివి జీతం తీసుకొనే తోటమాలి చేయాలి. పిల్లలు కొలవాలి, తూయాలి, రాయాలి. సెంటు అంటే ఎన్ని చదరపు మీటర్లో తాడు పట్టుకొని తేల్చాలి. పురుగు గుడ్డు నుంచి రెక్కల దాకా ఎన్ని రోజులు పట్టిందో చూడాలి. టమోటా పండించిన వారం మదనపల్లె మార్కెట్ ధర రోజూ బోర్డు మీద రాయాలి. కిలో మీద రైతుకు మిగిలిందెంతో ఎనిమిదో తరగతి పిల్ల లెక్క కడితే, వాళ్ళ నాయన అప్పు ఎందుకు తీరలేదో ఆ పిల్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అమెరికాలో ఉన్న తమ్ముళ్ళకు బర్క్‌లీ తెలిసే ఉంటుంది. ఆలిస్ వాటర్స్ అనే రెస్టారెంట్ యజమానురాలు 1995లో అక్కడి ఒక మిడిల్ స్కూల్లో ఎకరా నేలలో తోట మొదలుపెట్టించింది. పక్కనే వంటగది, అదీ తరగతి గదే. పండించినది వండి తినడంతో గాని పాఠం పూర్తి కాదు. మనకు ఆ వంటగది ఇప్పటికే ఉంది. డొక్కా సీతమ్మగారి పేరుతో మధ్యాహ్న భోజనం రోజూ వండుతున్నారు. వండే అక్కలకు గురుగాకు, చెంచలాకు, పొన్నగంటాకు ఏది ఏదో తెలుసు, పుల్లగూర ఎలా చేయాలో తెలుసు. మన టీచర్లు, పిల్లలు వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు. ఆ ఆకుల్లో కొన్నిటికి విత్తనం కూడా కొననక్కర్లేదు, వానకు వాటంతటవే వస్తాయి, పీకి పారేయకుండా ఉంటే చాలు. గట్ల మీద అనప వేస్తే సంక్రాంతి నాటికి పితికిపప్పు. బెంగళూరు వెళ్ళిన మనమంతా చలికాలంలో దేనికోసం అలమటిస్తామో అదే.

ఎంత పండుతుందో మాత్రం నిజం చెప్పుకోవాలి. భోజన పథకం లెక్క ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లకు రోజుకు 75 గ్రాముల కూరగాయలు. అదే లెక్కన మన 300 మందికి రోజుకు 22 కిలోల పైమాట. పది సెంట్లలో అది పండదు. వారంలో ఒకటి రెండు రోజులకు ఆకుకూర, రోజూ కరివేపాకు, కొత్తిమీర, మునగాకు, అంతవరకే. బడి తోట బడి కడుపు నింపుతుందని చెప్పి చందాలు అడగడం నాకిష్టం లేదు.

నీళ్ళ లెక్క నా రంగం కాబట్టి కాస్త ఓపిక పట్టండి. పది సెంట్లంటే సుమారు 400 చదరపు మీటర్లు. ఎండ రోజుల్లో రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలంటే 2,000 లీటర్లు. మన రెండు భవనాల పైకప్పులు కలిపి 500 చదరపు మీటర్లు. పాత చిత్తూరు జిల్లాలో ఏడాదికి సగటు వాన 900 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నష్టాలు పోను 3,60,000 లీటర్లు దిగుతాయి. కాగితం మీద 180 రోజులకు సరిపడా అన్నమాట. కానీ అంత నీటికి తొట్టి కట్టలేం. అయిదు మీటర్ల పొడవు, అయిదు వెడల్పు, రెండు లోతు తొట్టిలో 50,000 లీటర్లు, అంటే 25 రోజులకే. మిగతాది బోరు పక్క ఇంకుడు గుంతలోకి పంపాలి. నాకు ఎక్కువ ఆశ పుట్టించింది ఇంకోటి. భోజనం తర్వాత 300 మంది చేతులు, కంచాలు కడిగే నీళ్ళు. తలకు రెండు లీటర్లు వేసుకున్నా రోజుకు 600. ఈ రోజు అవి గేటు ముందర బురదై దోమలకు పోతున్నాయి. కంకర, ఇసుక గుంత గుండా పంపి అరటికి, చేమకు పెడితే మూడో వంతు అవసరం తీరినట్టే.

బడి తోటలన్నీ చచ్చేది వేసవి సెలవుల్లో. కేంద్ర ప్రభుత్వం 2019లో బడుల్లో పోషకాహార తోటలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఎన్నో బడుల్లో బోర్డులు లేచాయి. ఏప్రిల్ నెలాఖరున గేటుకు తాళం పడుతుంది, జూన్ 12న తెరిచేసరికి మిగిలేది బోర్డే. ఆ నెలన్నరకు మన దగ్గర రెండు దారులున్నాయి. 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో, విత్తనాలకు మట్టి, బూడిద పట్టించి ఉండలు చేసి వానకు ముందే చల్లే పద్ధతి ఉంది. కూరగాయ మడులకు అది చాలు, మొదటి పదునుకే మొలకెత్తుతాయి. మునగ, అరటి, కరివేపాకులకు మాత్రం మనిషి కావాలి. ఆ మనిషి టీచరు కాకూడదు. జనాభా లెక్కల నుంచి ఓటర్ల జాబితా దాకా అన్నీ వాళ్ళ నెత్తినే ఉన్నాయి, మనం ఇంకోటి పెట్టొద్దు.

కాబట్టి తోటమాలి జీతమే అసలు ఖర్చు. నెలకు 12,000 అనుకుంటే ఏడాదికి 1,44,000. ఏడు శాతం వడ్డీకి 20 లక్షల పైచిలుకు డిపాజిట్ ఉంటే ఆ జీతం ఏటేటా వస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. మన స్వర్ణోత్సవ ఆర్చి అంచనా కూడా దాదాపు అంతే. ఆర్చి కావాలన్న అన్నల మీద నాకు కోపం లేదు. రోడ్డు మీద పోయేవాళ్ళకు బడి పేరు కనబడాలని వాళ్ళ కోరిక. కానీ రెండూ చేసే డబ్బు మన దగ్గర లేదు. తోటకే ఇస్తే దాతల పేర్ల రాయి వద్దని కూడా నా మనవి. దాని బదులు ప్రతి నెలా జమాఖర్చు ఆఫీసు గోడ మీద పిల్లల చేతిరాతలో ఉండాలి.

మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఇది మూడో అంశం. తొట్టి, కాలువ మే నెలలోపే అయిపోవాలి గనక తీర్మానం ఈ రోజే కావాలి. తల్లిదండ్రుల కమిటీ వాళ్ళను కూడా పిలిచాను. వాళ్ళు వద్దంటే నేను పట్టుబట్టను. జాగా కొలతలు, నీళ్ళ వాలు, తొట్టి చోటు గీసిన పటం స్టాఫ్ రూం తలుపుకు అంటించి ఉంది. భోజనానికి వెళ్ళేదారిలోనే, ఒకసారి ఆగి చూడండి. తప్పు కనబడితే పెన్సిల్ అక్కడే కట్టి ఉంచాను, దిద్దండి.